సత్యదుర్గ సంజాయిషీ

సత్యదుర్గ కాళ్ళ దగ్గర ఆగాం కదా మనం. కథానాయిక కాళ్ళ గురించి రాయాల్సి వస్తే పారాణి పెట్టి, పట్టీలు తొడిగి గాని వదలరు రాసేవాళ్ళు. మన సత్యదుర్గ కాళ్ళకున్నవి కాఫీ రంగు మేజోళ్ళు. "అవి విప్పేసి వేరేవి వేసుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అని ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఈ భాగమంతా ఆవిడకి జవాబే అనుకోండి.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. బహ్రెయిన్‌లో సీఫ్ అనే చోట ఒక పెద్ద హాల్లో మూడు రోజుల సభ. వచ్చినవాళ్ళకి టీలు, కాఫీలు అందించడానికి కంపెనీ సల్మాబాద్‌లోని పనివాళ్ళ క్యాంపు నుంచి పన్నెండు మంది ఆడవాళ్ళని బస్సెక్కించి తెచ్చింది. నల్ల స్కర్టు, తెల్ల చొక్కా కంపెనీయే ఇచ్చింది. మేజోళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలంది. ఏ రంగువి అన్నది నోటీసులో రెండు మాటల్లో ఉంది: స్కిన్ కలర్. పదకొండు మంది లేత క్రీము రంగువి తెచ్చుకున్నారు. సత్యదుర్గ ఒక్కతే మనామా బజారుకెళ్ళి, కొట్టు భాయ్ "ఏ రంగు?" అనగానే చొక్కా చెయ్యి పైకి లాక్కుని, తన చేతిని బల్ల మీద పెట్టి, "ఇది" అంది. స్కిన్ కలర్ అంటే తన స్కిన్ కలరే అనుకుంది. ఆవిడ చేసిన తప్పల్లా ఇదే.

ఈ పొద్దున సూపర్‌వైజర్ రామ్‌ప్రసాద్ లైనులో అందరి ముందూ ఆమెని ఆపేశాడు. "స్కిన్ కలర్ తెమ్మంటే ఇదేంటక్కా, కళ్ళు కనబడవా?" అని కేకలేసి, హాల్లోకి అడుగు పెట్టనివ్వకుండా గిన్నెలు కడిగే వైపు తోలేశాడు. వెనకాలే ఒక టైపు కాయితం పంపాడు. పన్నెండింటిలోగా దాని మీద సంతకం పడాలి.

ఇప్పుడు పదిన్నర అయింది.

గిన్నెలు కడిగే చోట ముత్తవ్వ ఉంది. జగిత్యాల వైపు మనిషి, యాభైకి దగ్గర పడింది. పదేళ్ళుగా బహ్రెయిన్‌లోనే ఉన్నా, ఆవిడ నోట్లో ఇది దుబాయే. ట్రేల మీద నీళ్ళు కొడుతూ, ఆ కాయితం వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఏందే దుర్గా, గా కాయితంల ఏం రాసిండ్రు?"

"నాకేం తెల్సక్కా, ఇంగ్లీషు. మా ప్రసన్నని రానీ."

లక్ష్మిప్రసన్న సత్యదుర్గకి సొంత అక్క కూతురు. ఇరవై రెండేళ్ళది. డిగ్రీ చదివింది. మూడు నెలల కిందట సత్యదుర్గే దాన్ని రప్పించి, తనతో పాటు ఈ కంపెనీలో చేర్పించింది. ఇద్దరికీ మూడు నెలల ట్రయల్. అది ఈ గురువారంతో అయిపోతుంది. ఫైల్లో మచ్చ లేకపోతే రెండేళ్ళ వీసా. మచ్చ పడిందా, సత్యదుర్గకి మళ్ళీ అరాద్‌లో ఇంటిపనే గతి. నాలుగేళ్ళు చేసింది ఆ పని. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, కడుపుకింత పెట్టారు. కానీ నాలుగేళ్ళలో ఆ గేటు దాటి తన ఇష్టం మీద బయటికి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని ప్రసన్న వచ్చింది. చేతులు తుడుచుకుని కాయితం అందుకుంది.

"'నేను ఈ రోజు స్కిన్ కలర్ కాని మేజోళ్ళు వేసుకొచ్చాను. నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఇక మీదట స్కిన్ కలరే వేసుకుంటాను' అనుంది పిన్నీ. కింద నీ సంతకం."

"మొదటి ముక్క మళ్ళీ చదువు."

"స్కిన్ కలర్ కాని మేజోళ్ళు వేసుకొచ్చాను."

సత్యదుర్గ వంగి తన కాళ్ళు చూసుకుంది. మేజోడు ఎక్కడ మొదలైందో, తన మోకాలు ఎక్కడ ఆగిందో దగ్గరికెళ్ళి చూసినా తెలియదు. అంత బాగా కుదిరింది. ఆ కొట్టు భాయ్ ఎనిమిది పెట్టెలు విప్పి మరీ వెతికి ఇచ్చాడు పాపం.

"ఇది కాదంటే మరేది స్కిన్ కలరంట?"

"అబ్బా పిన్నీ, ఇదీ." ప్రసన్న తన కాలు కాస్త ముందుకి పెట్టింది. "అందరికీ తెలిసిందేగా. లెగ్గింగు కొన్నా, జాకెట్టు లైనింగు కొన్నా స్కిన్ కలర్ అంటే ఇదే. నీకొక్కదానికే తెలీలేదు."

ప్రసన్న అన్నది అబద్ధం కాదు. మనమూ అంతే కదా! బట్టల కొట్టుకెళ్ళి దర్జాగా స్కిన్ కలర్ ఇమ్మంటాం. కొట్టువాడు లేత క్రీము రంగుది తీసి బల్ల మీద పరుస్తాడు. దాని మీద మన నల్లటి చెయ్యి వేసి, గుడ్డ మెత్తగా ఉందో లేదో చూసుకుని, డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఆ రంగు ఎవరి ఒంటిదని అడగాలని నాకూ ఇన్నాళ్ళూ తోచలేదు. ఏడో తరగతితో ఆపేసిన సత్యదుర్గకి తోచింది.

"సంతకం పెట్టెయ్ పిన్నీ. గురువారం దాకా ఓర్చుకుంటే చాలు. రేపు నావి ఒక జత ఇస్తాను, రెండు కొన్నాను."

"రెండెందుకే?"

ప్రసన్న కొంచెం సిగ్గుపడింది. "క్యాంపులో కూడా వేసుకుందామని. ఇవేసుకుంటే నా కాళ్ళు నా కాళ్ళలా లేవు. ఎంత బాగున్నాయో చూడు."

ఆ మాట సత్యదుర్గకి సూదిలా దిగింది. పిల్లని అప్పుడు సరిగ్గా చూసింది. మెడ దాకా తెల్లగా పౌడరు, మెడ కింద అసలు రంగు, మోకాళ్ళ కింద క్రీము. మూడు నెలలుగా పక్క మంచం మీదే పడుకుంటున్న పిల్ల. కనబడలేదు. ఏడుపొచ్చింది సత్యదుర్గకి, దాని వెనకాలే కోపం కూడా వచ్చింది.

"కూచో," అంది.

"డ్యూటీ పిన్నీ..."

"రెండు నిమిషాలు. నా పెళ్ళిచూపుల సంగతి మీ అమ్మ నీకెప్పుడైనా చెప్పిందా?"

"లేదు."

"చెప్పదు. దానికి సిగ్గు. అమలాపురం స్టూడియోలో ఫోటో తీయించారు నాకు. ఆ స్టూడియో ఆయన బాగా చేత్తానని చెప్పి, నన్ను పాలలో ముంచి తీసినట్టు చేశాడు. ఆ ఫోటో పంపితే పెళ్ళికొడుకు వాళ్ళు రెక్కలు కట్టుకుని వచ్చారు. పది మంది. నేను చీర కట్టుకుని చాప మీద కూచున్నాను, కాఫీలు కూడా నేనే ఇచ్చాను. కాఫీ తాగేసి, గ్లాసు కింద పెట్టి, ఆ పెద్దావిడ మా అమ్మనడిగింది. 'మరి అమ్మాయిని తీసుకురండి' అని."

ముత్తవ్వ కుళాయి కట్టేసింది.

"నేను ఎదురుగానే ఉన్నానే ప్రసన్నా. అమ్మాయిని తీసుకురమ్మన్నారు. మా అమ్మ ఏవందో తెల్సా? 'ఇదేనండి అమ్మాయి, ఎండలో తిరిగి కాస్త కమిలింది, నీడ పట్టున ఉంటే తేలిపోద్ది' అంది. నేను తలొంచుకుని ఊఁ అన్నాను. కమలలేదు, ఏం లేదు. పుట్టిన రంగు. నా నోటితో నేనే ఊఁ అన్నాను. పదిహేనేళ్ళయినా ఆ ఊఁ నాకు అరగలేదు." ఆమె కాయితం మీద వేలుపెట్టి కొట్టింది. "ఇది ఆ ఊఁ యే. ఈసారి సంతకంతో అడుగుతన్నారు."

ప్రసన్న లేచి, ట్రే తీసుకుని, "అయితే అరాద్ వెళ్ళిపోతావా?" అంది. గొంతులో భయం ఉంది, విసుగూ ఉంది. "నువ్వెళ్ళిపోతే నేనిక్కడ ఒక్కదాన్నీ ఏం చెయ్యాలి? రంగు మాట కోసం అన్నం వదులుకుంటారా ఎవరన్నా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పేలోగా రామ్‌ప్రసాద్ వచ్చాడు.

రామ్‌ప్రసాద్‌ది భీమవరం దగ్గర. ముప్ఫై ఏళ్ళుంటాయి. డ్యూటీలో ఇతన్ని సార్ అనాలి, బస్సులో తమ్ముడూ అంటే పలుకుతాడు. దుర్మార్గుడు కాడు. పైవాళ్ళకి భయపడి కిందివాళ్ళని భయపెట్టే రకం, అంతే. అలాంటివాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు!

"సంతకం అయ్యిందా అక్కా?"

"లేదు సార్."

"ఏం, పెన్ను లేదా?"

"పెన్నుంది. ఇందులో రాసింది నిజం కాదు."

రామ్‌ప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "చూడక్కా, నాకు టైము లేదు. స్కిన్ కలర్ అంటే లోకమంతటికీ తెలిసిన రంగు. నువ్వు తెచ్చింది బ్రౌను. బ్రౌను స్కిన్ కలర్ ఎలాగవుద్ది?"

"మరి నా ఒంటి మీదున్నదేంటి సార్, రెక్సినా?"

ముత్తవ్వ పకపకా నవ్వింది. "మంచిగడిగినవ్ బిడ్డా! చెప్పు సారూ, గామె తోలు తోలు గాదా? నాది? నా తోలు గిట్ల యాడికెళ్ళి తెచ్చిండ్రు?"

"నువ్వు గిన్నెలు చూసుకో ముత్తవ్వా!" రామ్‌ప్రసాద్ మొహం కందగడ్డయింది. "అక్కా, ఎకసెక్కాలు వద్దు."

"ఎకసెక్కం కాదు తమ్ముడూ." డ్యూటీలో ఉన్నామన్న సంగతి సత్యదుర్గ మరిచిపోయింది, లేదా కావాలనే మరిచింది. "నీ చెయ్యి ఇలా పెట్టు."

"ఏంటి?"

"నా చేతి పక్కన పెట్టు."

అతను పెట్టలేదు. పెట్టకపోగా చొక్కా కఫ్ కిందికి లాక్కున్నాడు. అక్కడున్న ముగ్గురు ఆడవాళ్ళూ దాన్ని చూశారు. ప్రసన్న చూపు తిప్పుకుంది.

"నీది నాకంటే ఓ పిసరు నలుపే," అంది సత్యదుర్గ, నెమ్మదిగానే. "నేను నిన్ను తక్కువ చెయ్యట్లేదు. నీకు మేజోళ్ళు తెమ్మంటే నువ్వేం రంగు తెచ్చుకుంటావని అడుగుతన్నాను."

"నా ఫ్యాంటు నల్లది, నాకా గొడవ లేదు."

"అదృష్టవంతుడివి. సరే, విను. నోటీసులో క్రీము రంగు అని రాయి. రేపు క్రీము రంగే వేసుకొత్తాను. పసుపుపచ్చ అని రాయి, అవే వేసుకొత్తాను. కంపెనీ రూలు, కాదన్ను. ఏం రంగయినా తొడుక్కుంటాను గానీ, నేను వేసుకున్నది చర్మం రంగు కాదని మాత్రం సంతకం పెట్టను. నా చర్మం చర్మం కాదని నా చేత్తో నేను రాసివ్వను."

"నీ మంచికే చెప్తన్నాను. సంతకం పెడితే వార్నింగుతో పోద్ది, మచ్చ కింద లెక్కెయ్యరు. పెట్టకపోతే ఎదురు తిరిగిందని రాత్తారు. గురువారం ఖలాస్."

"తెల్సు."

"అరాద్ పంపిచ్చేత్తారు."

"తెల్సన్నాను కదా."

ఆమెకి భయం లేక కాదు. అయినా చూపు దించలేదు. రామ్‌ప్రసాద్ విసుగ్గా ఆ కాయితాన్ని వెనక్కి తిప్పి ఆమె ముందు పడేశాడు.

"అయితే నీ సంజాయిషీ నువ్వే రాసుకో. నీకు నచ్చినట్టు. నేను పైకి తీసుకెళ్ళి ఇత్తాను. యల్లా, కానియ్, పది నిమిషాలు."

సత్యదుర్గ స్టీలు బల్ల తుడుచుకుని, నిలబడే రాసింది. అక్షరాలు పెద్దవి, గుండ్రటివి, ఒక్కోటి ఆగి ఆగి పడ్డాయి.

'మేనేజరు మేడం గారికి నమస్కారం. సత్యదుర్గ రాసుకున్న సంజాయిషీ. నోటీసులో స్కిన్ కలర్ అని ఉంది. నేను నా చెయ్యి పక్కన పెట్టి చూసుకుని అదే రంగు కొన్నాను. క్రీము రంగు కావాలంటే క్రీము రంగు అని రాయండి, రేపటి నుంచి వేసుకుంటాను. నా రంగు చర్మం రంగు కాదని మాత్రం నేను ఒప్పుకోను.'

అక్కడితో అయిపోయిందనుకుంది ప్రసన్న. కాలేదు. సత్యదుర్గ ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకో నాలుగు వరసలు రాసి, సంతకం చేసి, మడిచి ఇచ్చింది.

మేనేజరు గది రెండో అంతస్తులో ఉంది. గాజు తలుపు. లోపల గ్రేస్ మేడం. ఫిలిప్పీన్స్ మనిషి, పనిలో కచ్చితం, మాటలో మర్యాద. ఆవిడకి తెలుగు ఎలాగూ రాదు, హిందీ కూడా రాదు. ఆవిడతో అంతా ఇంగ్లీషే. సత్యదుర్గని తలుపు బయటే నిలబెట్టి రామ్‌ప్రసాద్ లోపలికెళ్ళాడు. సరిగ్గా అదే వేళకి మేడం కాఫీ తీసుకుని వెళ్ళాల్సిన వంతు ప్రసన్నది.

గాజు అవతల సత్యదుర్గకి మనుషులు కనబడుతున్నారు, మాటలు మాత్రం వినబడటం లేదు.

లోపల రామ్‌ప్రసాద్ కాయితం మడత విప్పి మేడం ముందు పెట్టాడు. మేడం ఆ గుండ్రటి అక్షరాలు చూసి, "ఇందులో ఏముంది?" అని అడిగింది.

"చదువు లేని మనిషి మేడం. స్కిన్ కలర్ అంటే ఏ రంగో తెలియక పొరపాటు చేశానని రాసింది. క్షమించమంటోంది. ఇంకెప్పుడూ చెయ్యదట."

అలా అని ఒక్క క్షణం ఆగి, తెలుగులో మెల్లిగా, ప్రసన్నకి మాత్రమే వినబడేలా అన్నాడు. "మీ పిన్ని ఉద్యోగం కాపాడతన్నాను. మాట్లాడకు."

ప్రసన్నకి మొదట హమ్మయ్య అనిపించింది. దాచడమెందుకు, ప్రాణం లేచొచ్చింది. వీసా నిలబడుతుంది, పిన్ని ఎక్కడికీ వెళ్ళదు, రేపు ఇద్దరూ ఒకే బస్సు. మేడం పెన్ను తీసింది. కప్పు బల్ల మీద పెట్టడానికి ప్రసన్న వంగింది. కాయితం కళ్ళ ముందే ఉంది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టుకుని రాసిన నాలుగు వరసలూ చదవకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

'మా ప్రసన్నది కూడా నా రంగే. అది ఇంగ్లీషు చదువుకున్న పిల్ల. రేపెప్పుడైనా ఈ ఫైలు దాని చేతిలో పడితే, మా పిన్ని దీనికి ఒప్పుకుందా అని అది అనుకోకూడదు. దాని ఒంటి మీద ఉన్నది మంచి రంగు. అందుకే నేను అటువైపు టైపు చేసినదాని మీద సంతకం పెట్టలేదు.'

మేడం పెన్ను ఫైలు మీద ఆనింది.

"అలా రాయలేదు మేడం."

ఇంగ్లీషులో అంది ప్రసన్న. అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. మేడం తలెత్తింది. రామ్‌ప్రసాద్ మొహం మీద నవ్వు అలాగే ఉంచుకుని తెలుగులో పళ్ళు బిగించాడు.

"ప్రసన్నా, నీ ట్రయలు కూడా గురువారంతోనే అయిపోద్ది. కాఫీ ఇచ్చావు కదా, వెళ్ళు."

"తెల్సు సార్," అంది తెలుగులోనే. మేడం వైపు తిరిగింది. ఖాళీ ట్రేని గుండెలకి హత్తుకుని ఇంగ్లీషులో మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"ఆవిడ క్షమించమనలేదు. ఆవిడకి స్కిన్ కలర్ అంటే తెలుసు. మాకే తెలీలేదు. ఇందులో నా పేరు కూడా ఉంది మేడం. ఆవిడ రంగు తప్పయితే నాదీ తప్పే. ఉన్నది ఉన్నట్టు చదవమంటారా, లేకపోతే ఇద్దరి పేర్లూ ఇప్పుడే కొట్టేస్తారా?"

బయట సత్యదుర్గకి ఒక్క ముక్క వినబడలేదు. పిల్ల పెదవులు కదలడం చూసింది. రామ్‌ప్రసాద్ గబుక్కున కాయితం మీదికి చెయ్యి చాపడం చూసింది. మేడం దాన్ని అతనికి అందకుండా తన వైపు లాక్కోవడం చూసింది. ఏదో కొంప మునిగిందనుకుని తలుపు మీద చెయ్యి వేసింది.

గ్రేస్ మేడం కుర్చీలోంచి లేచి వచ్చింది. గాజు వెనక నుంచి సత్యదుర్గ మొహం చూసింది. కిందికి చూసి, ఆ కాఫీ రంగు మేజోళ్ళు చూసింది. తర్వాత తన కాళ్ళకున్న క్రీము రంగువి చూసుకుంది. ప్రసన్ననీ రామ్‌ప్రసాద్‌నీ లోపలే ఉంచి, తలుపుకి గడియ వేసి, తెర దించేసింది. ఆ తెర ఎత్తేదాకా, అంటే వచ్చే భాగం దాకా, సత్యదుర్గతో పాటు మనమూ బయటే.